పచ్చ నెత్తురు

వీడియో గేమ్ హింస మీద మన దేశం ప్రకటించిన యుద్ధంలో తొలి ఖైదీలు రాజ్‌కోట్‌లో దొరికారు. 2019 మార్చిలో అక్కడి పోలీస్ కమిషనర్ పబ్జీ ఆడరాదని ఉత్తర్వు వేశారు. రోజులు తిరక్కుండానే ఐపీసీ సెక్షన్ 188 కింద పదిమంది దాకా కుర్రాళ్లను పట్టుకుని, స్టేషన్ బెయిల్ మీద వదిలారు. ఆటలో ఎంతగా మునిగిపోయారంటే, పోలీసులు దగ్గరికొచ్చినా వాళ్లకు తెలియలేదట. ఈ మాట పోలీసులే పత్రికలకు చెప్పారు. వ్యసనం ఎంత ముదిరిందో చూడండని వారి బాధ. నాకు మాత్రం వేరే బాధ కలిగింది. వెనకనుంచి వచ్చేవాడి అడుగుల చప్పుడు పసిగట్టడం ఆ ఆటలో మొదటి పాఠం. అదే రానివాళ్లను స్టేషన్‌కు కాదు, కోచింగ్‌కు పంపాలి.

పబ్జీతో పాటు మోమో చాలెంజ్‌నూ అక్కడ నిషేధించారు. గుడ్లు మిటకరించే ఓ బొమ్మ వాట్సాప్‌లోకి వచ్చి పిల్లల చేత ప్రాణాలు తీయించుకుంటుందని అప్పట్లో గగ్గోలు. అదంతా పుకారేనని ఆ రోజుల్లోనే తేలిపోయింది. అయినా సరే, లేనిదాన్ని నిషేధించడంలో ఒక సుఖం ఉంది. అమలు నూటికి నూరుపాళ్లు విజయవంతం!

అప్పటికే గోవా ఐటీ మంత్రి పబ్జీని ఇంటింటా తిష్ట వేసిన రాక్షసి అనేశారు. అంతకుముందు జనవరిలో ‘పరీక్షా పే చర్చా’ కార్యక్రమంలో ఓ తల్లి తన కొడుకు ఆన్‌లైన్ గేముల గోల చెప్పుకుంటే, ‘పబ్జీ వాడేనా?’ అని ప్రధాని అడిగారు. హాలంతా గొల్లుమంది. ప్రధానికి పేరు తెలిసిన ఆట కదా అని ఆడేవాళ్లు నెలల తరబడి మీసం మెలేశారు.

ఇక్కడ మన గురించీ ఒక ముక్క. కత్తితో నలభైమందిని నరికే హీరోని పండగపూట కుటుంబసమేతంగా చూసి, పులిహోర తిని వచ్చే జాతి మనది. ‘సలార్’ సినిమాకు సెన్సార్ వాళ్లు ‘ఏ’ సర్టిఫికెట్ ఇస్తే, పాపం పిల్లలు ఏమైపోవాలని దిగులుపడ్డవాళ్లున్నారు. అలాంటి ఇళ్లలో నెత్తురంటే భయమని చెబితే నమ్మేదెలా? తల్లుల అసలు కోపం వేరు. ‘ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది’ అంటే, ‘మమ్మీ, ఆన్‌లైన్ గేమ్, పాజ్ ఉండదు’ అని గదిలోంచి జవాబొస్తుంది. వందమంది దిగే మ్యాచ్, అరగంట పడుతుంది, మధ్యలో ఆగదు. పప్పుచారు ఆగుతుందా మరి? హంతకుడు కూడా భోజనానికి పిలిస్తే పలికేవాడైతే ఏ అమ్మా టీవీ చర్చకు వెళ్లేది కాదు.

గేమర్లు తక్కువ తిన్నారా! ఆటకూ హింసకూ సంబంధం లేదని, అది జట్టుగా నడవడం నేర్పుతుందని, ఓర్పు పెంచుతుందని గంటసేపు వాదిస్తారు. ఆ వాదన ముగిశాక మైక్ ఆన్ చేసి, పడిపోయాక రివైవ్ ఇవ్వడం ఆలస్యం చేసిన సొంత స్క్వాడ్ వాడి మూడు తరాలను తవ్విపోస్తారు. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివేవాడొకడు ఇలా ఓర్పు నేర్చుకుంటుంటే కిటికీలు మూసుకోవాల్సొచ్చింది.

చివరికి 2020 సెప్టెంబర్ 2న అమ్మల కోరిక తీరింది. కేంద్రం 118 యాప్‌లను మూసింది, అందులో పబ్జీ మొబైల్ ఒకటి. తల్లిదండ్రులు పాలాభిషేకానికి సిద్ధపడ్డారు. తీరా చూస్తే ఉత్తర్వులో హింస ఊసే లేదు. దేశ సార్వభౌమత్వం, భద్రత, దేశం బయటికి వెళ్లే డేటా, ఇదీ లెక్క. పిల్లాడి మెదడు పాడవుతోందని ఏడాదిన్నర మొత్తుకుంటే కదలని ఫైలు, గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ జరిగాక కదిలింది. ఉత్తర్వు వచ్చిన మరునాడే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. అలా ఒకే వారంలో కొడుకు తుపాకీ, తండ్రి పేకముక్కలు రెండూ పోయిన ఇళ్లు మన కోస్తాలో కొన్నైనా ఉండి ఉంటాయి. వాళ్లు ఆ సాయంత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో లేదో మరి.

పబ్జీ పోయిన రెండు రోజులకే నటుడు అక్షయ్ కుమార్ ఫౌజీ అనే స్వదేశీ గేమ్ ప్రకటించారు. 2021 గణతంత్ర దినోత్సవాన అది వచ్చింది. సన్నివేశం గల్వాన్. తుపాకులు లేవు, పిడిగుద్దులు, చేతికందిన కర్రలు. ఎముకలు విరగ్గొట్టడమే ఆటంతా. దీని మీద ఒక్క సంఘమూ ధర్నా చేయలేదు, ఒక్క మంత్రీ రాక్షసి అనలేదు. దేశభక్తితో కొడితే దెబ్బ తగలదు కాబోలు. దీన్ని ఖండించిన ఘనత గేమర్లకే దక్కింది. హింస ఎక్కువైందని కాదు, తక్కువైందని! ప్లే స్టోర్‌లో రేటింగ్ నాలుగైదు రోజుల్లో మూడు చుక్కల దగ్గరికి జారింది.

2021 జూలైలో పాత ఆటే కొత్త పేరుతో, బీజీఎంఐగా, కొరియా కంపెనీ చేతుల మీదుగా తిరిగొచ్చింది. ఈసారి సంస్కారం నేర్చుకుని వచ్చింది. గుండు తగిలితే చిమ్మేది ఎరుపు కాదు, పచ్చ. మొదట్లోనే ఇది నిజం కాదు, ఆటేనని చెబుతారు. చైనాలో ఇంకా మర్యాద. అక్కడి కూర్పులో చచ్చినవాడు చావడు, లేచి చెయ్యి ఊపి టాటా చెప్పి, తన సామాన్ల పెట్టె అప్పగించి వెళ్తాడు. మన సీమ సినిమాల్లో విలన్లు ఇంత పద్ధతి ఎన్నడూ పాటించలేదు.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు రోజుకు మూడు గంటలే. ఓటీపీ నాన్న ఫోన్‌కే వెళ్తుంది. నాన్న ఫోన్ లాక్ నాన్నకంటే ముందు ఎవరికి తెలుసో వేరే చెప్పాలా? రోజువారీ ఖర్చుకూ హద్దు పెట్టారు, ఏడు వేల రూపాయలు. పిల్లవాడు రోజుకు ఏడు వేలు మించి తగలెయ్యకుండా కాపాడే కంపెనీ! ఇది చదివిన మధ్యతరగతి తండ్రికి చిమ్మిన నెత్తురు మాత్రం ఎర్రగానే ఉండి ఉంటుంది. ఈ ఆట 2022 జూలైలో మళ్లీ మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. మధ్యలో ఎవరూ ఆడటం మానినట్టు నాకు కనపడలేదు.

మాయమైన ఆ పది నెలల్లోనే ఇంకో విచిత్రం. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి చేర్చింది. ఆ మరుసటి ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీడియో గేములకు పతకాలిచ్చారు, అందులో పబ్జీ మొబైల్ కూడా ఉంది. కాకపోతే అక్కడ ఆటగాళ్లు మనుషుల్ని కాదు, గురిబొమ్మల్ని కాల్చారు.

ఈ పతకాల సంగతి తెలిశాక, అయిదేళ్ల కిందట రౌటర్ తీగ పీకేసిన మా ఎదురింటాయన గేటు దగ్గర నన్ను ఆపి గొంతు తగ్గించి అడిగాడు: ‘ఏమండీ, ఇందులో స్పోర్ట్స్ కోటా ఏమైనా ఇస్తారా?’