పిట్ట కొంచెం, కూత ఘనం: టీకా తాత్పర్యం

మూలం: పిట్ట కొంచెం, కూత ఘనం.

ప్రతిపదార్థం: పిట్ట = తెల్లరొమ్ము వుడ్ రెన్ అను అడవిపక్షి; కొంచెం = నిక్కబొడుచుకున్న మొండితోకతో సహా పది సెంటీమీటర్లు, తూకానికి సుమారు 16 గ్రాములు; కూత = తేటైన ఈల; ఘనం = ఒంటితో పోలిస్తే అన్యాయం (అని వినువారి ఫిర్యాదు).

తాత్పర్యం: లోకులు దీన్ని ఆశ్చర్యార్థకంగా చదువుతారు. మా మతంలో ఇది కార్యకారణ వాక్యం. ఆ పిట్ట ఉండే చోట కూత ఘనం కాకపోతే కాపురం సాగదు.

విశేషం: ఆ చోటేదంటే, మెక్సికో మొదలు పెరూ ఈశాన్యం, సురినామ్ దాకా వ్యాపించిన తడి అడవుల అట్టడుగు. కొండ బాగా ఎక్కితే ఆ రాజ్యం దీని జ్ఞాతి బూడిదరొమ్ము రెన్‌ది. చెట్ల తలలు కలిసిపోయిన అడవిలో పైన కాసే ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే నేలకు దిగుతుంది. ఆ మసకలో, గుబురు పొదల్లో, పురుగులు ఏరుకుంటూ తిరిగే ఆలుమగలు నాలుగడుగులు ఎడమైతే ఒకరికొకరు కనబడరు. చూపు పని గొంతు చేయాలి. అందుకే జంట కలిసి పాడటమూ కద్దు. పోనీ, ఏ గొంతైనా సరిపోతుందా? సన్నని కీచుధ్వనులను ఆకులు చెదరగొడతాయి. పక్షిశాస్త్రవేత్త యూజీన్ మోర్టన్ పనామాలో శోధించి 1975లో ప్రకటించినదాన్ని బట్టి, అడవి నేల దగ్గర సుమారు 1,500 నుంచి 2,500 హెర్ట్జ్‌ల నడిమి స్వరం తక్కువ నష్టంతో దూరం పోతుంది; అక్కడి పక్షులు వడివడి గమకాల కన్నా ఈలల వైపు మొగ్గడమూ అందుకేనట. కాబట్టి గొంతుకు శ్రుతి కట్టింది అడవే, పిట్టకు డాబు అంటగట్టరాదు.

ఇక్కడ పూర్వపక్షం: అంత గట్టిగా కూస్తే పాముకూ డేగకూ విందుపిలుపు కాదా? పూర్తిగా కాదు. ఆ గుబురులో కూత దిక్కు చెప్పినంతగా చిరునామా చెప్పదు. నిజంగా దాచవలసినదాన్ని ఈ పిట్ట వేరే దాస్తుంది. గుడ్లకు నేల దగ్గర, పొదల మాటున, పైకప్పూ పక్కవాకిలీ ఉన్న గూడు కడుతుంది. పడకకు మాత్రం మరో గూడు, తరచు ఇంకా ఎత్తున, ఒక్కోసారి మూడు మీటర్ల దాకా, అంత చాటు లేకుండానే. ప్రాణభయమున్నది పడకను బయట పెడుతుందా అని మళ్ళీ అడగవచ్చు. గుడ్లు ఎగరలేవు, నిద్రలేచిన పిట్ట ఎగరగలదు. ఈ తేడాయే కారణమని మా ఊహ.

ఎగరగలిగితే కూత దేనికి, వెళ్ళి కలుసుకోవచ్చుగదా అనేవారిది బలమైన ఆక్షేపమే. వారికి గాటూన్ సరస్సు సమాధానం. పనామా కాలువ కోసం లోయ ముంచినప్పుడు బారో కొలరాడో అనే గుట్ట ద్వీపమైంది; 1923 నుంచి రక్షిత అడవి. చెట్లు నిలిచాయి, అట్టడుగు పక్షులు కొన్ని మాయమయ్యాయి. వాటిలో ఈ రెన్ ఒకటి. అవతలి ఒడ్డున తోటివి ఉన్నా వచ్చి చేరలేదు. తరవాత అదే సరస్సు మీద అడవిపక్షులను పడవలోంచి వదిలి చూస్తే, కొన్ని జాతులవి నూరు మీటర్లైనా దాటలేక నీళ్ళలో పడ్డాయి. మూలంలో రెక్కల ఊసు లేకపోవటం గ్రంథపాతం కాదని అందుకే మా పక్షం.