చిలకకు ముద్దు, తొర్రకు గొడ్డలి

రాయ్‌పూర్‌లో చిలకంటే ఇష్టం లేని మనిషి దొరకడు. చిలక చేసుకున్న కర్మ అదే.

2024 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్ అటవీశాఖకు ఉన్నట్టుండి ఆ ప్రేమ పొంగుకొచ్చింది. రామచిలక వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో ఉంది, పెంచినా అమ్మినా నేరం, మూడేళ్ల దాకా జైలు అంటూ ఉత్తర్వు వేసింది. బిలాస్‌పూర్‌లోనైతే ఏడు రోజుల్లో చిలకల్ని కానన్ పెండారీ జూకు తెచ్చి అప్పజెప్పమన్నారు. ఆ చట్టం పుట్టింది 1972లో. వసారాల్లో పంజరాలు అప్పట్నుంచీ ఊగుతూనే ఉన్నాయి. వాటి పక్కనే కూర్చుని టీ తాగి వెళ్లిన పెద్దమనుషులెవరికీ అరవై అడుగుల నుంచి వినిపించే ఆ అరుపు అన్నేళ్లూ చెవిన పడలేదు కాబోలు.

ఇంటింటా గగ్గోలు. రోజుల్లోనే శాఖ నాలిక్కరుచుకుంది. పెంపుడు చిలకల సంగతి కేంద్రాన్ని అడుగుతున్నాం, అందాకా చర్యలు ఆపండి అంది. చిలక ఒకసారి నేర్చిన మాట ఏళ్ల తరబడి మరిచిపోదు. ప్రభుత్వం అంతకంటే తెలివైనది.

ఈ ఊళ్లో చిలక ప్రేమికులు మూడు రకాలు. మొదటి రకానికి పంజరం ఉంటుంది. ‘మా మిట్ఠూకి ఏం లోటండీ, జామకాయ, పచ్చిమిరపకాయ, ఇల్లంతా దానిదే’ అంటారు, రెక్కలు కత్తిరించిన కత్తెర సొరుగులో దాచి. పోయిన జన్మలో చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకే భద్రాచల రామదాసుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు పడ్డాయని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆ లెక్కన పదేళ్లు పెంచినాయనకు 3,650 ఏళ్లు. ప్రభుత్వం మూడేళ్లంటే గగ్గోలు పెట్టడం అన్యాయం.

రెండో రకం స్వేచ్ఛాప్రియులు. సముద్రం లేకుండానే మెరైన్ డ్రైవ్ కట్టుకున్న ఊరు కదా, సాయంత్రం తేలీబాంధా చెరువు గట్టున నిలబడి, కీచుమంటూ ఎగిరిపోయే గుంపుకి ఫోను ఎత్తుతారు. ఇంటికెళ్లాక, కారు మీద రెట్ట పడుతోందని ఎదుటి చెట్టు కొమ్మలు కొట్టించమని నగర నిగమ్‌కి అర్జీ పెడతారు.

మూడో రకం సంస్కృతీ పరిరక్షకులు. దీపావళి దగ్గర పడితే పల్లె ఆడవాళ్లు బుట్టలో వడ్లు పోసి, మట్టి చిలకను నిలిపి, చుట్టూ చప్పట్లు కొడుతూ సువా ఆడతారు. మనసులో గోడు చిలకకు చెప్పుకునే పాటలవి. వాళ్ల పాటకు వేదిక ఎక్కి శాలువా కప్పించుకునేది మాత్రం నాయకులు. మట్టి చిలకతో వాళ్లకు ఏ పేచీ లేదు. దానికి తొర్ర అక్కర్లేదు.

ప్రాణమున్న చిలకకు తొర్రే కావాలి. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటే, చిలక ప్రాణం తొర్రలో ఉంది. పుల్లలు పేర్చి గూడు కట్టడం దానికి రాదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన బొక్కనో, ముసలి మామిడిలో పుచ్చిన కొమ్మనో వెతుక్కుని, ముక్కుతో గీకి వెడల్పు చేసుకుంటుంది. మాఘం నుంచి చైత్రం దాకా ఆడది లోపల గుడ్ల మీద ఉంటే, మెడలో గులాబీ పట్టీ ఉన్న మగది తొర్ర అంచుకు వేలాడుతూ మేత కక్కి దాని నోటికి అందిస్తుంది. సరిగ్గా అప్పుడే కాంట్రాక్టరుకూ మార్చి ఆఖరు. రోడ్డు వెడల్పు చేయాలి, బిల్లు పాసవ్వాలి. ముందు పోయేది పుచ్చు పట్టిన ముసలి చెట్టే. ‘ఒకటికి పది మొక్కలు నాటాం’ అని బోర్డు పెడతారు. మొక్కలో తొర్ర పడేదాకా, అంటే ఓ యాభై ఏళ్లు, చిలక గుడ్డు ఆపుకుని కూర్చోవాలి.

చిలకల మీద ప్రేమ పొంగిన ఆ ఆగస్టు నెలాఖర్లోనే హస్‌దేవ్ అడవిలో బొగ్గు గని కోసం పోలీసు కాపలా పెట్టి వేల చెట్లు కొట్టారు. అక్కడ గనులు వద్దని 2022లో రాష్ట్ర అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది కూడా. చిలక పలుకులంటే అవీ! ఆ చెట్ల మీది పక్షుల్ని ఏ జూకి, ఎన్ని రోజుల్లో అప్పజెప్పాలో ఎవరూ ఉత్తర్వు వేయలేదు.

చట్టంలో లొసుగుందా అంటే, లేదు. పక్షి గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా వేటేనని అదే 1972 చట్టం నిర్వచనంలో రాసి ఉంది. కాకపోతే పంజరం పెట్టుకున్న అవ్వ చిక్కినంత తేలిగ్గా రంపం పట్టుకున్న దొర చిక్కడు.

కనుక కేంద్రం జవాబు కోసం కాచుకునే పని లేకుండా అటవీశాఖకో మనవి. ఉత్తర్వు పాతదే ఉంచండి, ఒక్క పేరు మార్చండి. నగరంలో చెట్లు కొట్టే రంపాలన్నీ ఏడు రోజుల్లో జూలో జమ చేయాలి. చిలకల కోసం అనుకున్న బోనుల్లో వాటిని వేలాడదీసి, టికెట్టు పెట్టి, పిల్లలకు చూపించండి. రంపాలకు జామకాయ ఖర్చు కూడా ఉండదు.