నో క్లెయిమ్ మామ

కర్ణాటకలో, ఆంధ్రా పక్కనే ఉన్న పావగడ తాలూకాలో నాలుగు కార్లున్న ఊరికి పోతే ఈయన తప్పకుండా తగులుతాడు. తిరుమణి, వళ్లూరు వైపు పోతే ఇద్దరు తగిలినా ఆశ్చర్యం లేదు. వయసు యాభై దాటింది. తెల్లచొక్కా జేబులో చిన్న పుస్తకం, దానికి గుచ్చిన పెన్ను. కారూ తెల్లదే, కొన్నప్పుడు. ఇప్పుడు ఎడమ తలుపు లోపలికి పోయింది, ముందు బంపరు ఒక పక్క వేలాడుతోంది, వెనక దీపం దగ్గర ఎవరిదో ట్రాలీ పచ్చరంగు అంటుకుని ఉంది.

"ఏం మామా, తలుపు చేపిచ్చలేదా?" అని అడిగారా, ఇంక ఆ సాయంత్రం మీది కాదు. కూచోబెట్టి టీ చెప్తాడు. పుస్తకం తీస్తాడు.

"చేపిచ్చేకి నాకేమప్పా? క్లెయిము చేద్దామా వొద్దా అని చూస్తాండా."

ఆ చూడటం మొదలై రెండు శ్రావణాలు దాటింది.

ఈయన మొదట శెనక్కాయ రైతు. పదును వాన పడితే విత్తేవాడు, పడకపోతే అరుగు మీద కూచుని మబ్బులను తిట్టేవాడు. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. ఐదూళ్ల నేల, పదమూడు వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతు దగ్గర భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన గుత్తకు తీసుకున్నారు. రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. భూమి లేక కూలికి పోయేవాళ్లకూ, ఆ బీళ్లలో మేకలు మేపుకునేవాళ్లకూ ఆ గుత్త రాలేదు. అది నవ్వు రాని కథ, ఇక్కడ పట్టదు. మామకు మాత్రం పొలం పోకుండానే పొలం పని పోయింది. చేతిలో డబ్బు, ఇంటి ముందు కారు, రోజంతా తీరిక.

అయినా తీరిక ఒక్కటే మనిషిని ఇంత లెక్కలవాణ్ణి చెయ్యదు. దీని వెనక శెనక్కాయ ఉంది. ఫసల్ బీమాలో ఖరీఫ్ పంటకు రైతు వాటా రెండు శాతం. కట్టేవాడు. కానీ కరువొచ్చినప్పుడు నీ చేలో కాయ ఊరిందా లేదా అని ఎవరూ చూడరు. పంచాయతీలో అక్కడక్కడ కోత ప్రయోగాలు చేసి సగటు దిగుబడి తీస్తారు. ఆ సగటు బాగుంటే నీ చేను ఎండినా పైసా రాదు. అడగాలా వద్దా అనే మాటే లేదు. వస్తే వచ్చింది, లేకుంటే లేదు. కారు కొన్నాక గానీ బీమా కంపెనీ ముందు 'అడుగుతా', 'అడగను' అనే హక్కు మామ చేతికి రాలేదు. జీవితంలో మొదటిసారి దొరికిన ఆ అధికారాన్ని ఒక సొట్ట కోసం ఖర్చు పెట్టేస్తాడా?

మొదటి సొట్ట పడింది పావగడ శనిమహాత్మ గుడి దగ్గర. శ్రావణ శనివారం, నువ్వులనూనె సీసాలు పట్టుకున్న జనం, మూడు జిల్లాల నుంచి వచ్చిన బండ్లు. ఎవడో రివర్సు తీస్తూ తలుపుకు ఆనించి వెళ్లిపోయాడు. పుస్తకంలో ఆ పద్దు ఇలా ఉంది: 'ఎడమ తలుపు. ఆంధ్రా బండి. నంబరు కనపడలే.' ఆ వారమే క్లెయిము చేసి ఉండాల్సింది. కానీ శని వాకిట్లో పడిన సొట్టకు పరిహారం అడగొచ్చా అనే ధర్మసందేహం వచ్చింది. పూజారిని అడగాలా, ఏజెంటును అడగాలా అని తేల్చుకునేలోపు శ్రావణం అయిపోయింది.

రెండోది బామ్మర్ది ట్రాక్టర్ ట్రాలీ. ఆ పద్దులో పేరు కూడా ఉంది, కొట్టివేసి ఉంది. పెండ్లాం చూస్తుందని. మూడోది బంపరు, అది మామ స్వయంకృతం. కాబట్టి పుస్తకంలో 'కల్వర్టు తప్పు' అని రాసుకున్నాడు.

ఇప్పుడు మామ సిద్ధాంతం: "మూడూ కలిపి ఒకేసారి వేస్తే గిట్టుబాటు." ఊళ్లో సగం మంది దీన్ని నమ్ముతున్నారు. అట్లా కుదరదు. ఒక్కో దెబ్బకు ఒక్కో క్లెయిము. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములోనూ మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. పైగా దెబ్బ తగిలిన వెంటనే చెప్పాలి, రెండేళ్ల పద్దు తీసుకొని పోతే ఎవరూ వినరు. ఈ సంగతి చెప్పిన ఏజెంటు కుర్రాడితో మామ ఆర్నెల్లు మాట్లాడలేదు. ఇంకో బాధ కూడా ఉంది. సోలారు వాళ్లు నేల కొలిచేకి వచ్చినప్పుడు సర్వేయరుకు టెంకాయ నీళ్లిచ్చి మర్యాద చేసిన చెయ్యి అది. బీమాకూ అట్లే ఇంటికొస్తారనుకున్నాడు. యాభై వేల లోపు నష్టానికి లైసెన్సున్న సర్వేయరే వచ్చి చూడాలన్న నియమం లేదు, ఫోన్లో ఫొటోలు పంపితే చాలన్నారు. చిన్నబోయాడు.

నిజం చెప్పాలంటే, విడిగా క్లెయిము గిట్టదన్న లెక్కలో మామ తప్పేమీ లేదు. హిందూపురం టింకరు మూడింటికీ కలిపి కాదు, ఒక్క బంపరు, దాని పక్క రేకు, రంగు కలిపి 8,000 చెప్పాడనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తారు. బంపరు 3,000 అయితే అక్కడ 1,500 పోయింది. రంగు పనిలో సరుకు వాటా నాలుగో వంతని లెక్కగట్టి, అందులో సగం కోస్తారు. 3,000 రంగు పనికి అది 375. పైన మన వెయ్యి. చేతికొచ్చేది 5,125. రేకు పాతబడ్డ కొద్దీ ఇంకా తగ్గుతుంది.

ఇక పోయేది. అయిదేళ్లు క్లెయిము లేకుండా నడిపినవాడికి ప్రీమియంలో యాభై శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్. ఒక్క క్లెయిముతో అది సున్నా. మళ్లీ 20, 25, 35, 45 అని మెట్టుమెట్టుగా ఎక్కాలి. సొంత నష్టం ప్రీమియం 9,000 అనుకుంటే మళ్లీ యాభైకి చేరేలోపు 11,250 ఎక్కువ కడతాం. అయిదు వేల కోసం పదకొండు వేలు! తరుగు కోయని జీరో డిప్ ఉన్నవాడికీ, బోనస్‌కు రక్షణ కొనుక్కున్నవాడికీ లెక్క వేరు. ఆ రెండూ 'దండగ' అని కొట్టేయించినవాడు మామే.

ఒక్క చోట మాత్రం ఆయన పొరపాటు పడ్డాడు. బోనస్ కట్టే మొత్తం మీద వస్తుందనుకున్నాడు. అది సొంత నష్టం భాగానికే. థర్డ్ పార్టీ ప్రీమియం, 1000 నుంచి 1500 సీసీ కారుకు 2022లో నిర్ణయించిన 3,416 రూపాయలు, ఎంత బుద్ధిమంతుడైనా పూర్తిగా కట్టాల్సిందే.

"సరే మామా, క్లెయిము నష్టమని తేలింది గదా. చేతి డబ్బులు పెట్టి చేపిచ్చు" అన్నాను.

"ఇన్నేళ్లు కంపెనీకి కట్టి, మళ్లీ నా దుడ్డు నేనే పెట్టుకోవల్లనా?"

ఇదీ ఆయన ఇరుకు. క్లెయిము చేస్తే బోనస్ పోతుంది, చేపిస్తే పౌరుషం పోతుంది. అత్త మాత్రం ఆ కారులో పెండ్లిండ్లకు రాదు. బస్సుకు పోతుంది. "టీలకు పెట్టిన దుడ్డుతో రెండు తలుపులొచ్చుండు" అంటుంది. మొత్తం వ్యవహారంలో సరైన లెక్క ఆమెదే అని నా అభిప్రాయం.

మొన్న మామ మొహంలో వెలుగు కనిపించింది. బోనస్ కారుది కాదనీ, మనిషిదనీ, కారు అమ్మేసినా దాన్ని మన పేరుతో నిలుపుకోవచ్చనీ ఎవరో చెప్పారు. అమ్మేశాడు. కొన్న మడకశిర ఆసామి కారు చుట్టూ ఒకసారి తిరిగి, సొట్టలకని ముప్పై వేలు తగ్గించాడు. మామ కిమ్మనలేదు. బోనస్ లెటర్ ప్లాస్టిక్ కవరులో పెట్టించుకున్నాడు. కొత్తది పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే కియా కొనాలా, ఇంకేదన్నా చూడాలా అని ప్రస్తుతం పుస్తకంలో రాస్తున్నాడు. ఆ లెటర్ మూడేళ్ల వరకే చెల్లుతుంది.