సేటు మతిమరుపుకు మీరు చిట్టా కాకండి

ఆర్మూర్‌లో పసుపు దుకాణాల్లో కొత్తగా గుమాస్తాగా చేరే తమ్ముళ్లకు ఈ సలహాలు. పెద్దలు చెప్పేవాటికి ఉల్టాగా ఉంటాయి. పన్నెండు సీజన్లు చేసి, నష్టపోయి చెబుతున్నాను.

1. అన్నీ గుర్తుపెట్టుకోకండి. మా సేటు రేటును సిగరెట్ పెట్టె మీద రాసేవాడు, తూకాన్ని అరచేతిలో. చెమటకు చెరిగితే "ఎంత చెప్పిన్రా నేను?" అని నన్నే అడిగేవాడు. నేను టక్కున చెప్పేవాణ్ని. అది నా తెలివనుకున్నా. నా వల్లే ఆ దుకాణానికి చిట్టా అక్కరలేకుండా పోయింది. మీరు మాత్రం "యాదికి లేదు సేటూ, రాసుంటే చూసి చెప్త" అనండి.

2. కోపంతో వచ్చిన రైతును చల్లార్చకండి. ఒక మార్చిలో ఒక పెద్దమనిషి తెచ్చిన కాడి (కొమ్ము పసుపు) బస్తాలు తక్కువ రేటు పలికే గోళ (దుంప పసుపు) లెక్కలో పడ్డాయి. "నా కాడి గోళల వడ్డదెట్ల?" అన్నాడు. "బాపూ, కూసో, చాయ్ తాగు" అన్నాను. తాగాడు. అమ్మకం లెక్క రాసిచ్చిన తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఎనిమిది తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి తెచ్చిన పంట అది. ఆ చాయ్ పాపం నాది. అలాంటి రైతును నేరుగా సేటు గద్దె ముందుకు తీసుకెళ్లండి.

3. పని తొందరగా ముగించకండి. సాంగ్లీ మార్కెట్‌కు పోయే లారీ నిలబడి ఉన్నా సరే, ఎవరి సరుకు, ఏ రకం, ఎంత బరువు అన్నది చీటీ మీద పడి, ఒక ప్రతి రైతు చేతికి చేరేదాకా బస్తా ఎత్తనీయకండి. తిట్లు మీకే. పడండి.

4. మీ జీతం ముందు అడగకండి. హమాలీల కూలి అడగండి. పొద్దుగూకేదాకా బస్తాలు మోసినవాళ్లు అదే రాత్రి ఆ డబ్బుతో బియ్యం కొనాలి.

5. పైనుంచి ఎవరో వచ్చి బాగుచేస్తారని ఆగకండి. పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం 2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ ఎంపీ స్థానానికి పోటీ చేశారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. గొప్ప గెలుపు. కానీ సిగరెట్ పెట్టె మీది రేటును చిట్టాలోకి ఎక్కించేది బోర్డు కాదు, దుకాణంలో కూర్చున్న మనిషే.

రేపు పొద్దున్నే ఒక నోటుబుక్కు కొని గద్దె మీద పెట్టండి. సేటు అందులో రాయని మాటను మీరూ మరిచిపోండి.