వీడు వాడు కాడు: ఒక సమోసా కాగితపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త వరసకు నాకు బావ. 2002 వేసవిలో డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, శామ్ రైమీ తీసిన ‘స్పైడర్‌మ్యాన్’ డబ్బింగు బొమ్మను వారంలో నాలుగుసార్లు చూశాడు. అయిదో నాడు మా పెరటి గోడ పాకబోయి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. భక్తికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు. ఆ చేత్తోనే, 2012 జూన్ 29న, ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మన దేశంలో విడుదలైన నాడు మ్యాట్నీ చూసి బయటికొచ్చి, ఇంటర్వెల్లో తిన్న సమోసాల కాగితం వెనక జెల్ పెన్నుతో ఈ పద్యం రాశాడు. ఆ ఏకైక ప్రతి ప్రస్తుతం నా బీరువాలో ఉంది. నూనె మరకల వల్ల కొన్ని చోట్ల పారదర్శకంగా ఉన్నా చదవడానికి వీలైనదే.

మూలము

సాలె కాటు మరల! చాలదా మొదటిది?
పెద్దనాన్న చావు పిదప మరల!
కన్ను తడవలేదు, కరతాళములు లేవు,
వీడు వాడు కాడు, వినర బాబు!

ఛందస్సు ఆటవెలది. ఉదయం ఆట, మధ్యాహ్నం ఆట అంటాం గనుక ఆట చూసి రాసినదానికి ఆటవెలదే ఉచితమని కవి హృదయం. మొదటి పాదంలో ‘సా’కు ‘చా’ యతిమైత్రి. సినిమాకూ కవికీ కుదరని మైత్రి ఇక్కడైనా కుదిరింది.

ప్రతిపదార్థము

సాలె = సాలెపురుగు యొక్క; కాటు = కరచుట; మరల = ఇంకొకమారు; మొదటిది = మునుపటి కాటు; చాలదా = సరిపోలేదా; పిదప = అటు తరువాత; పెద్దనాన్న = బెన్ పార్కర్ గారి; చావు = మరణము; మరల = అదియును ఇంకొకమారే; కన్ను = నేత్రము; తడవలేదు = చెమర్చలేదు (ఈ చోట పాఠవివాదము కలదు, ముందు చూడుడు); కరతాళములు = చప్పట్లు; లేవు = వినబడలేదు; వీడు = ఆండ్రూ గార్‌ఫీల్డు; వాడు = టోబీ మెగ్వైరు; కాడు = కానే కాడు; బాబు = ఓయీ; వినర = ఆలకింపుము.

తాత్పర్యము

ఓ బాబూ, పదేళ్ళ కిందట కరిచిన సాలీడే మళ్ళీ కరిచింది, పోయిన పెద్దనాన్నే మళ్ళీ పోయాడు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, చప్పట్లు కొడదామంటే చేతులు లేవలేదు. ఈ వచ్చినవాడు నా వాడు కాదు.

విశేషములు

‘సాలె కాటు మరల’: ‘మరల’ అనే మాట రెండు పాదాల్లో రెండుసార్లు వచ్చింది, ఇది పునరుక్తి దోషం కాదా అని శంక. కాదని సమాధానం. దోషం వస్తువులో ఉంటే కవిని తప్పుపట్టరాదు. శామ్ రైమీ నాలుగో సినిమాకు సిద్ధమవుతుండగా 2010 జనవరిలో సోనీ సంస్థ దాన్ని ఆపేసి, కథ మొదటికి తెచ్చింది. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు మార్వెల్ నుంచి సోనీకి వచ్చింది 1990ల చివర్లో. గడువులోగా సినిమా తీయకపోతే హక్కులు వెనక్కి పోతాయి. పొలం బీడు పెడితే కౌలు పోతుందని భయపడే రైతు వేసిన పంట లాంటిది ఈ బొమ్మ. దర్శకుడి పేరు మార్క్ వెబ్. ఇంటిపేరే సాలెగూడు. ఇందులో శ్లేష ఉన్నా అది కవి చమత్కారం కాదు, దైవికం.

‘మొదటిది’: మొదటి కాటు ఏది? కవి మతంలో 2002 నాటిది. చరిత్రకారులు ఒప్పుకోరు. స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు కలిసి 1962లో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో సాలీడుతో కరిపించినప్పుడు అది అణుధార్మిక సాలీడు. అణుబాంబు భయం నాటి కాలం అది. 2002కు వచ్చేసరికి అది జన్యువులు మార్చిన సాలీడైంది. కాలానికి తగ్గ భయాన్ని కాలానికి తగ్గ పురుగు మోసుకొస్తుంది. ఇక రైమీ బొమ్మలో కుర్రాడి మణికట్టు నుంచే దారం వస్తుంది. కొత్త బొమ్మలో చేతికి యంత్రం కట్టుకుంటాడు. దీని మీద బావ వారం రోజులు అన్నం సరిగా తినలేదు, “దారం వాడి ఒంట్లోంచి రావాలిరా, వాచీలోంచి కాదు” అని. కానీ 1962 నాటి మూలంలో ఉన్నది యంత్రమే. అంటే బావ మూలమనుకుని నెత్తిన పెట్టుకున్నదే ఒక పాఠాంతరం. ఈ సంగతి చెప్పినందుకు ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

‘పెద్దనాన్న’: ఇంగ్లీషువాడు అంకుల్ అని ఊరుకుంటాడు. బాబాయా, పెదనాన్నా, మేనమామా అన్న పూచీ వాడికి లేదు. బెన్ పార్కర్ మన సాలెకుర్రాడు పీటర్ తండ్రికి అన్న గనుక కవి ‘పెద్దనాన్న’ అని నిర్ణయించడం శాస్త్రసమ్మతం. ఈ చావుకు కారణం చూడండి. పాత బొమ్మలో కుస్తీబరిలో మూడు నిమిషాలు నిలిస్తే 3000 డాలర్లిస్తామని ప్రకటించినవాడు 100 చేతిలో పెట్టాడు. ఆ కడుపుమంటతో పీటర్ వాణ్ణి దోచుకుపోతున్న దొంగను వదిలేశాడు. ఆ దొంగే పెద్దనాన్నను చంపాడు. కొత్త బొమ్మలో పాలడబ్బాకు రెండు సెంట్లు తక్కువైతే కొట్టువాడు ఇవ్వనన్నాడు. మిగతా కథ మామూలే. పాపం 2900 డాలర్ల నుంచి రెండు సెంట్లకు దిగింది. పైగా పాత బొమ్మలో హంతకుడు ఆ రాత్రే దొరుకుతాడు. కొత్తదాంట్లో మణికట్టు మీద నక్షత్రం పచ్చబొట్టున్నవాడి కోసం కుర్రాడు ఊరంతా గాలించి, మధ్యలో బల్లిమనిషి తగిలేసరికి ఆ పనే మానేస్తాడు. సినిమా అయిపోతుంది, హంతకుడు దొరకడు. మన ఇర్ఫాన్ ఖాన్ సంగతీ అంతే. వంతెన మీద కారులో కనిపించినవాడు మళ్ళీ కనిపించడు. పెద్దనాన్న చావు ‘పిదప’ ఏం జరిగిందో చెప్పకుండా ‘మరల’ అని కవి ఆగిపోవడంలో ధ్వని ఇదే.

‘కరతాళములు లేవు’: 2004 నాటి రెండో భాగంలో, రైలు ఆపి స్పృహ తప్పిన కుర్రాణ్ణి ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి చేరవేసే ఘట్టానికి మా ఊరి హాలు లేచి నిలబడింది. 2012లో అలాంటిది లేకపోయిందా? ఉంది. మండుతున్న కారులో వేలాడుతున్న పసివాడికి ధైర్యం కోసం తన ముసుగే ఇచ్చి తొడుక్కోమంటాడు. ఆ పిల్లవాడి తండ్రి తర్వాత ఊళ్ళోని క్రేన్లన్నిటినీ వరసగా తిప్పించి దారి చేస్తాడు. ఈ రెండు చోట్లా మా ముందు వరసలో ఏడేళ్ళవాడొకడు చప్పట్లు కొట్టాడు. నేను పక్క సీట్లోనే ఉన్నాను గనుక ఇది ప్రత్యక్ష ప్రమాణం. కాబట్టి ‘లేవు’ అన్నది అతిశయోక్తి.

‘వీడు వాడు కాడు’: వేదాంతులకు ‘సోఽయం దేవదత్తః’ అని ఒక ఉదాహరణ ఉంది. ఎప్పుడో కాశీలో చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడు ఇంకెక్కడో చూసి, నాటి కాలాన్నీ నాటి చోటునూ విడిచిపెట్టి, ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడని గుర్తుపట్టడం. బావ సాధన ఇక్కడే ఆగింది. కాలాన్నీ చోటునూ, అనగా 2002నూ విరిగిన మోచేతినీ, విడవలేకపోయాడు.

మహాశంక

అయ్యా, తెలుగువాడు మళ్ళీ మళ్ళీ చెప్పిన కథకు విసుక్కోవడం ఎక్కడైనా విన్నామా? సి. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీశాడు. ఆయన మొదలుపెట్టగా సి.ఎస్. రావు పూర్తిచేసిన ‘లవకుశ’ 1963లో మళ్ళీ వచ్చింది. అదే కథతో బాపు 2011లో ‘శ్రీరామరాజ్యం’ తీస్తే, ఇదే బావ కర్చీఫు తడిపి, చాలక నాది తీసుకున్నాడు. ఎనిమిది నెలలైనా కాలేదు. సీతమ్మ మూడోసారి అడవికి పోతే ఏడ్చినవాడికి, బెన్ పెదనాన్న రెండోసారి పోతే ఏడుపెందుకు రాలేదు?

దీనికి సమాధానం చెప్పడానికే ఈ వ్యాఖ్యానమంతా.

హరికథ చెప్పే దాసుగారికి మనకు కథ తెలుసని తెలుసు. సీతమ్మను అడవిలో దింపేది లక్ష్మణుడని ముందే తెలిసి టికెట్టు కొంటాం. రథం కదలగానే పక్కావిడ ముక్కు చీదడం మొదలుపెడుతుంది, ఇంకా ఏమీ జరగకముందే. చెప్పేవాడూ వినేవాడూ కలిసి ఆ చోటికి చేరుకుంటారు. తెలిసినదాన్ని మళ్ళీ తెలుసుకోవడంలో ఉన్న సుఖం అది. కొత్త బొమ్మ మాత్రం మనకేమీ తెలియనట్టు నటించమంది. ఇంతవరకు ఎవరూ చెప్పని కథ చెబుతానని పోస్టర్ల మీద రాసి, అమ్మానాన్నల రహస్యమేదో ఊరించి, దాన్ని రాబోయే భాగానికి దాచి, మనం పదేళ్ళ కిందటే కర్మకాండ చేసిన మనిషిని తెచ్చి, ఈయనకేమవుతుందో చూడండి అంది. దినం భోజనం తిన్నవాళ్ళని మళ్ళీ పిలిచి చావు కబురు చెప్పినట్టు. “కథ మళ్ళీ చెప్పమను, వద్దన్నానా? నాకు తెలీదనుకుని చెప్పొద్దు” అని బావ స్కూటరు స్టాండులో అన్న మాటే ఈ పద్యానికి అసలు టీక. నాది ఉపటీక.

పాఠ పరిష్కరణ

మూడో పాదంలో ‘తడవలేదు’ అన్న చోట సిరా అలుక్కుపోయింది. దీని మీద మా ఇంట్లో మూడు సంప్రదాయాలున్నాయి. సమోసా నూనె అంటారు మా అక్కయ్య వర్గం వారు. జూన్ నెలాఖరు గనుక వాన చినుకంటారు మేనల్లుళ్ళు. నూనె తగిలితే కాగితం మెరుస్తుంది గాని జెల్ పెన్ను సిరా కరగదు గనుక మొదటి మతం నిలవదు. స్కూటరు స్టాండుకు రేకుల కప్పు ఉంది గనుక రెండోదీ నిలవదు.

నేను చూసింది చెబుతాను. బావ రెండు పాదాలు రాసి కాగితాన్ని సీటు మీద పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. ఆ ఏడేళ్ళవాడు తండ్రి భుజాల మీద, పదిరూపాయల ప్లాస్టిక్ ముసుగుతో, మా ముందు నుంచి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ మధ్య రెండు వేళ్ళు మడిచి, చెయ్యి చాచి, మా బావ మీద దారం వదిలాడు. బావ కాసేపు వాడు వెళ్ళిన వైపే చూశాడు. తర్వాత తల వంచి ‘కన్ను తడవలేదు’ అని రాశాడు. మరక ఆ మాట మీదే ఉంది.

అనుబంధము

2021 డిసెంబరులో ‘నో వే హోమ్’ వచ్చింది. వీళ్ళిద్దరి తర్వాత వచ్చిన మూడోవాడితో కలిపి ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ ఒకే తెర మీద నిలబడ్డారు. ఎత్తు నుంచి పడిపోతున్న ఆ మూడోవాడి ప్రియురాలు ఎమ్.జె.ను ఆండ్రూ గార్‌ఫీల్డు పట్టుకుని నేల మీద దింపాడు. 2014 నాటి రెండో భాగంలో తన ప్రియురాలు గ్వెన్‌ను అలా దక్కించుకోలేకపోయినవాడు గనుక, దించాక వాడి ముఖం చూడాలి. పాత కథ మాకు తెలుసని వాళ్ళకు తెలిసి తీసిన ఘట్టమది. రథం కదిలినట్టే ఉంది హాల్లో. బావ చూపుడువేలూ బొటనవేలూ నోట్లో పెట్టి ఈల వేశాడు, నలభైకి దగ్గరపడ్డ వయసులో.

మర్నాడు ఇంటికొచ్చి “ఆ కాగితం ఉందారా?” అన్నాడు.

“దేనికి బావా?”

“ఒక్క అక్షరదోషం ఉంది.”

బీరువా తీసిచ్చాను. వంటింట్లోకెళ్ళి నాకు కనబడకుండా దిద్ది, మడిచి ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నాలుగో పాదం ఇప్పుడు నీలి బాల్‌పెన్నుతో ఇలా ఉంది:

వీడు కూడ వాడె, వినర బాబు!

ఇది ప్రక్షిప్తమని తోసిపుచ్చుదామని గణాలు కట్టి చూశాను. అయిదు సూర్యగణాలూ సరిపోయాయి. యతి చెడలేదు. ఛందస్సే ఒప్పుకున్నాక అభ్యంతరం చెప్పడానికి టీకాకారుడెవడు?