ఒకటి చుక్క ఒకటి

పేపర్లో భూకబ్జా వార్త కనిపిస్తే చాలు, పక్కింటికి వినిపించేలా తిట్టేవాణ్ణి. అలాంటి నేనే ఏళ్ల తరబడి పరాయి జాగా అనుభవించాను.

అప్పట్లో ఓ ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్లకు వైఫై చూసేవాణ్ణి. లాగిన్ పేజీకి 1.1.1.1 అని అడ్రసు పెట్టాను. పిల్లలకు గుర్తుంటుంది, వార్డెనుకు ఫోన్లో చెప్పడం తేలిక. ఇలాంటి సొంత వాడకానికే 10తోనూ, 192.168తోనూ మొదలయ్యే అడ్రసులు విడిగా ఉంచారని తెలియక కాదు. అవి అందంగా లేవు, అంతే.

ఇంటర్నెట్‌లో ఈ అడ్రసు నంబర్లకు పట్టాలిచ్చే ప్రాంతీయ సంస్థలు ప్రపంచం మొత్తానికి ఐదు. మన ఆసియా పసిఫిక్‌ది ఏపీనిక్. ఆఫీసు ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో. 1తో మొదలయ్యే కోటీ అరవై ఏడు లక్షల అడ్రసులు 2010 జనవరిలో దాని చేతికొచ్చాయి. అప్పటికే నాలాంటి మేధావులు లోకమంతా దిగిపోయి ఉన్నారు. యూరప్ సంస్థ రైప్ పరీక్షకోసం 1.1.1.1 ఉన్న ముక్కకు తనవైపు దారి చూపించగానే, దిక్కుతోచని డేటా వచ్చిపడి 10 మెగాబిట్ల లింకు నిండిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌కల్లా ఏపీనిక్ చివరి నిల్వకు చేరింది. ఆ నిల్వలోంచి ఒక్కో సభ్యసంస్థకు 1,024కు మించి ఇవ్వలేదు. అంత కరువులోనూ 1.1.1.1 ఉన్న ముక్కను మామూలుగా ఎవరికీ ఇవ్వలేక పరిశోధనకు అట్టిపెట్టుకున్నారు.

2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ, ఏపీనిక్‌తో కలిసి, అదే అడ్రసులో డీఎన్ఎస్ సేవ, అంటే సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టే సేవ, మొదలుపెట్టింది. ఫైనలియర్ కుర్రాడొకడు ఫోను పట్టుకొచ్చాడు.

"సార్, ఇంటి దగ్గర ఇది కొడితే వాళ్ల పేజీ వస్తోంది. ఇక్కడ మన కాలేజీ లోగో వస్తోందేంటి సార్?"

"కొత్తది కదా నాయనా, వాళ్లింకా సరిగ్గా సెట్ చేసుకున్నట్టు లేదు," అన్నాను, తల మానిటర్ వెనక దాచుకుని.

ఆ రాత్రే లాగిన్ పేజీని 10తో మొదలయ్యే అడ్రసుకు మార్చేశాను. పొద్దున్నే కుర్రాడు మళ్లీ వచ్చాడు.

"వాళ్లు బాగుచేసేశారు సార్!"

"చెప్పానా," అన్నాను.