ఒక గుడ్డు గురించి మేడంగారికి

గౌరవనీయులైన పై ఆఫీసు మేడంగారి సముఖమునకు, మా ఊరి అంగన్‌వాడీ ఆయా నమస్కరించి రాసుకొను సంజాయిషీ.

తమరు పంపిన మెమో నిన్న మధ్యాహ్నం, సరిగ్గా నేను సాంబారు గిన్నె దించుతుండగా అందినది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, రెండుసార్లు చదువుకున్నాను. సోమవారం నాడు హాజరు 23, ఉడికించిన గుడ్లు 24, తేడా 1 అనియు, సదరు గుడ్డు ఏమైనదో 3 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలుపవలెననియు ఉన్నది. ఇన్ని సెంటర్ల మధ్య, ఇన్ని పనుల్లో, మా ఊరి ఒక్క గుడ్డు యోగక్షేమాలు అడిగినందుకు ముందుగా కృతజ్ఞతలు. సదరు గుడ్డు సోమవారం పన్నెండుంబావుకు గుండోడి కడుపులోకి క్షేమంగా చేరినది.

ఇక్కడితో సంజాయిషీ అయిపోవాలి. నేనూ అలాగే అనుకుని సంతకం పెట్టబోయాను. కానీ తమరు ఆ రోజు మా సెంటరుకు వచ్చి అన్న మాట ఒకటి ఉంది. ప్లేట్ల ముందు వరసగా కూర్చున్న పిల్లల్ని చూసి, సెల్లులో పొద్దుటి హాజరు ఫోటో తెరిచి, వేళ్లతో పెద్దది చేసి, “ఇందులో గుండు లేదే! ఈ గుండు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నారు. పిల్లలంతా నవ్వారు. వాడూ నవ్వాడు, సగం గుడ్డు నోట్లో పెట్టుకుని.

ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, తిరుపతి నుంచి వచ్చింది మేడం. పది రోజుల కిందట మొక్కు తీర్చుకొచ్చారు. అంతకుముందు వాడికి జుట్టు ఉండేది, జుట్టులో పేలు ఉండేవి, ఆ పేలు చూసిందీ నేనే.

ఇప్పుడు మిరప కోతలు. వాళ్లమ్మ తెల్లారకముందే కూలోళ్ల ఆటో ఎక్కుతుంది. నాన్న హైదరాబాదులో సెంట్రింగు పని. ఇంట్లో నాయనమ్మ, ఆమె మోకాళ్లు. సోమవారం ఎనిమిదిన్నరకు నేను వెళ్లేసరికి వాడు నిద్రలో ఉన్నాడు, రాత్రంతా దగ్గాడంది నాయనమ్మ. నా చంకలో అప్పటికే ఒకతి ఉంది, రెండు చేతులకూ ఇద్దరు, వెనకాల అయిదుగురు, వాళ్లలో ఒకడు కుక్కపిల్లను వదలనంటాడు. సరే, పడుకోనియ్యి పెద్దమ్మా, మళ్లీ వస్తాలే అని చెప్పి వచ్చేశాను. తొమ్మిదిన్నరకు టీచరమ్మ ఫోటో తీసింది. 23 తలకాయలు. నేను లోపలికెళ్లి బియ్యం కడిగి ఎసట్లో పోసి, గుడ్లు లెక్కపెట్టి గిన్నెలో వేశాను. 24 వేశాను. మళ్లీ వెళ్తానని నాకు తెలుసు కదా. వాణ్ణి గిన్నెలో వేసేటప్పుడే లెక్కేసుకున్నాను. అదే నా నేరం.

పదిన్నరకు అన్నం దించి పరుగున వెళ్తే, వాడు గడప మీద కూర్చుని చెప్పు నాకుతున్నాడు. కడిగి, లాగు తొడిగి, ఎత్తుకొచ్చాను.

మెమోలో తమరు “హాజరులో లేని బయటి బాలునికి” అని రాశారు. బయటివాడా? వాడి పేరు మీ రిజిస్టరులో 14వ నంబరు. పుట్టినప్పుడు బరువు తూచింది మేము, పోలియో చుక్కలకు నోరు తెరిపించింది నేను. మొన్న నెలలో జబ్బకు పట్టీ చుడితే పసుపు దగ్గర ఆగింది మేడం. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5 కన్నా తగ్గితే ఎరుపు, ఇది మీ ట్రైనింగులో మీరు నేర్పిందే. పసుపులో ఉన్న పిల్లాడు గుడ్డు తింటుంటే ఆ ప్లేటు ముందు నిలబడి లెక్క అడుగుతారా? కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఏదో సామెత అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అది కూడా ఒక ఉద్యోగమని తెలీదు.

కోపంలో రాశాను. కొట్టేద్దామంటే ఇంకో కాగితం లేదు.

మీరు గుడ్డు సంగతి అడిగారు కాబట్టి గుడ్ల సంగతే చెబుతాను. అప్పుడే పెట్టిన గుడ్డు ఉడికిస్తే సరిగా ఒలవదు, తెల్లసొన సగం పెంకుతోనే ఊడొస్తుంది. నాలుగు నాళ్లు నిలవున్న గుడ్డయితే చక్కగా ఒలుస్తుంది. మనకు సరఫరా అయ్యేవి అన్నీ అద్భుతంగా ఒలుస్తాయి మేడం, చన్నీళ్లలో వేయాల్సిన పని కూడా లేదు. దాని మీద మెమో ఎవరికైనా వెళ్లిందేమో నాకు తెలియదు. ఒలవడం ఒక పనయితే తినిపించడం ఇంకో పని. ఒకడు పచ్చసొన ముట్టడు. ఒకతికి తెల్లది వద్దు. వాళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మార్పిడి చేయడం నేను కనిపెట్టిన పథకం, దానికి పేరింకా పెట్టలేదు. ఇంకొకతి తినదు, గుప్పిట్లో దాచుకుంటుంది, ఇంట్లో తమ్ముడికంట. ఆ గుడ్డు గౌనులో నలిగిపోతే ఉతికేదెవరో చెప్పక్కర్లేదు. తిన్నాక మూతులు కడగాలి, ఇద్దరికి దొడ్డికి వస్తుంది, ఆ ఇద్దరూ లేచారని మిగతావాళ్లకూ వస్తుంది. కుళాయి లేదు. బిందెలు నేనే మోస్తాను. పడుకోబెడితే ఒకడు నా కొంగు పట్టుకుంటేనే పడుకుంటాడు, కాబట్టి ఆ గంటసేపు నేను అంట్లు తోమకూడదు. మీరు వచ్చింది ఆ వేళకయితే ‘ఆయా ఖాళీగా కూర్చుని ఉంది’ అని రాసేవారేమో.

ఆ ఫోటో యాప్ ఒకటి. బాలింతలు సరుకులు తీసుకోవాలంటే ముఖం చూపించాలని 2025 జూలై 1 నుంచి రూలు పెట్టారు. ముఖం చూపిస్తే కళ్లు ఆర్పమంటుంది. ఆధార్‌లో పెళ్లికాకముందు ఫోటో, ఇప్పుడు కాన్పయి నిద్రలేని ముఖం, ఈమె ఆమె కాదంటుంది అది. నెంబరు వస్తుందంటారు, అది మొగుడి ఫోనుకెళ్తుంది, మొగుడు బెంగుళూరులో. టీచరమ్మ సిగ్నలు కోసం ప్రహరీ గోడ ఎక్కుతుంది. పడితే ఆమెకూ ఒక ఆయా కావాలి.

జీతం మాట ఎత్తకూడదనుకున్నాను. అయినా దాన్ని జీతం అనరు కదా, గౌరవ వేతనం. నెలకు 7,000. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు మేం సమ్మెకు దిగి రోడ్డు మీద కూర్చున్నప్పుడు ఎస్మా పెట్టారు, మీది అత్యవసర సేవ, ఆపడానికి వీల్లేదని. భలే సంబరపడ్డాను, ఇన్నాళ్లకు మేం అత్యవసరమని ఒకరన్నారని. గ్రాట్యుటీకి మాకు హక్కుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. కోర్టుకు ఉద్యోగిలా కనిపించాను, ఎస్మాకు ఉద్యోగిలా కనిపించాను, మెమోకయితే నిక్షేపంగా కనిపించాను. నెల మొదటి తారీఖున మాత్రం సేవకురాలిని.

ఇదంతా ఎందుకులే. గుడ్డు దగ్గరికే వస్తాను.

మెమో రాగానే టీచరమ్మ ఏమందో తెలుసా? “పగిలిపోయిందని రాసిచ్చెయ్ అక్కా, మూసేస్తారు” అంది. మంచిమనిషే, నా మేలుకోరే చెప్పింది. లెక్కలో దానికి చోటుందట. ఎలుక కొట్టిందన్నా చోటుందట. రవాణాలో చితికిందన్నా సరిపోతుందట. పిల్లాడు తిన్నాడంటేనే చోటు లేదట. రాత్రి కూర్చుని రాద్దామని చూశాను. ‘సదరు గుడ్డు పగిలిపోయినది’ అని మూడు మాటలు, ఎంత సేపు? చేతికి రాలేదు మేడం. బాగా ఉడికిన గుడ్డు అది. వాడు మొత్తం తిన్నాడు, పచ్చసొనతో సహా. దగ్గొచ్చినా ఆగలేదు. వాడు గుడ్డు మొత్తం తినడం అదే మొదటిసారి, నేను టీచరమ్మకు చూపించాను కూడా, అప్పుడే మీ బండి ఆగింది.

డబ్బు కట్టమంటే కడతాను, ఒక గుడ్డుకు నేనేం చితికిపోను. రేపటి నుంచి తొమ్మిదికే వాణ్ణి నిద్రలో ఎత్తుకొచ్చి ఫోటోలో నా భుజం మీద చూపించమన్నా చూపిస్తాను. కానీ దయచేసి వాణ్ణి బయటి బాలుడని రాసిన ఆ మాట ఒక్కటి కొట్టేయండి. ఫోటో అయిపోయాక వచ్చిన పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఎక్కడైనా ఒక గడి పెట్టించండి. పదకొండు దాకా చాలు. రోజూ కాదు, ఈ కోతలు అయిందాకా చాలు. వాళ్లమ్మలు సాయంత్రం ఆటో దిగి మొదట అడిగేది ఏం తిన్నాడని, ఎన్నింటికి వచ్చాడని కాదు.

రేపు గుడ్లు ఎన్ని పెట్టాలి మేడం, 23 నా, 24 నా? పొద్దున తొమ్మిదిలోపు ఫోను చేయించండి. నీళ్లు పొయ్యి మీద పెట్టుకుని ఉంటాను.

ఇట్లు,
ఆయా